ఇనుప పెనం ముందు ఎవరి చెయ్యి? బంజారా హిల్స్‌లో జపనీస్ స్టేక్‌హౌస్ పెట్టాలంటే

దుబాయ్‌లో ఒక హోటల్‌లో తొమ్మిదేళ్లు తెప్పన్‌యాకి పెనం ముందు పనిచేసిన అన్న ఒకాయన 2024లో హైదరాబాద్ తిరిగొచ్చాడు. సొంత అన్న కాదు. సూర్యాపేట వైపు మా వాడా వాళ్ల వాడా దగ్గర దగ్గరే. హాస్టల్‌లో మాకంటే నాలుగేళ్లు పెద్ద. చచ్చిన గొడ్డును కోసి, తోలు తీసి, తునకలు ఎండేసిన మాదిగ ఇంట్లో పుట్టి, దుబాయ్‌లో కోటీశ్వరుల కళ్ల ముందు స్టేక్ కోసి పెట్టినవాడు. ఇప్పుడు బంజారా హిల్స్‌లో సొంతంగా ఒక జపనీస్ స్టేక్‌హౌస్ పెట్టాలని ఆయన కోరిక. మేం ఆహారం, కులం మీద పరిశోధన చేస్తున్నామని తెలిసి కాగితాల పనిలో సాయం అడిగాడు. మొదటి రోజే ఒక మాట అన్నాడు: "తమ్మీ, పెనం ముంగట నిలబడుడు నాకొచ్చు. బ్యాంకు ముంగట నిలబడుడే వస్తలేదు."

ఆ కాగితాల వెంట ఏడాదికి పైగా తిరిగాక మాకు తెలిసిన సంగతులు ఇవి. స్టేక్‌హౌస్ గురించి ఈ పేజీలో ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తే, మాకూ మొదట అలాగే అనిపించింది. తీరా లోపలికి వెళ్లి చూస్తే మాంసం కొనే చోట, అప్పు అడిగే చోట, మెనూ రాసే చోట, గిన్నెలు కడిగే చోట, అన్నిచోట్లా కులమే ఎదురైంది.

నాలుగు టేబుళ్లతో మొదలైన వ్యాపారం

ముందు ఆ హోటల్ ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. తెప్పన్ అంటే ఇనుప పలక, యాకి అంటే కాల్చడం. సుమారు ముప్పాతిక అంగుళం మందం ఉన్న పెద్ద పెనం, దాని కింద గ్యాస్ బర్నర్లు. పెనం చుట్టూ మూడు వైపులా బల్ల, ఆ బల్లకు ఏడెనిమిది కుర్చీలు. నాలుగో వైపు వంట మనిషి నిలబడతాడు. మాంసం, రొయ్యలు, కోడి, ఉల్లిగడ్డ, బీన్ మొలకలు, చివర్లో వెల్లుల్లి వేసిన అన్నం, అన్నీ తినేవాళ్ల ఎదుటే కోసి, కాల్చి, పళ్లెంలో పెడతాడు. హైదరాబాద్ వాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు. స్టార్ హోటళ్ల ఏషియన్ రెస్టారెంట్లలో ఇలాంటి పెనాలు చాలామంది చూసే ఉంటారు.

జపాన్‌లో ఇది తాతల నాటి వంట అనుకుంటే పొరపాటు. ఇనుప పెనం మీద స్టేక్ కాల్చి పెట్టే పద్ధతికి ఆద్యులుగా 1945లో కోబె నగరంలో మొదలైన మిసొనొ అనే రెస్టారెంటును చెబుతారు. యుద్ధం ముగిశాక అక్కడికి వచ్చిన అమెరికా సైనికులకు ఈ తిండి, కళ్లెదుట జరిగే ఆ వంట బాగా నచ్చాయి. తరువాత 1964లో రాకీ ఆవొకి అనే జపాన్ యువకుడు న్యూయార్క్‌లో నాలుగు టేబుళ్లతో బెనిహానా అనే రెస్టారెంటు తెరిచాడు. హార్లెమ్ వీధుల్లో ఐస్‌క్రీమ్ బండి నడిపి కూడబెట్టిన పది వేల డాలర్లు అతని పెట్టుబడి. జపనీస్ స్టేక్‌హౌస్ అని ఇవాళ ప్రపంచమంతా అంటున్నది ఎక్కువగా ఆ నమూనానే.

మాకు ఆసక్తి కలిగింది ఆ వ్యాపారపు లెక్క. బెనిహానా మీద 1972లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ రాయించిన కేస్ స్టడీని ఇప్పటికీ ఎంబీఏ క్లాసుల్లో చదివిస్తారు. అందులో కిటుకు సులువే. వంటగదిని తీసుకొచ్చి తినే గదిలో పెట్టడం వల్ల మామూలు రెస్టారెంటులో స్థలంలో 30 శాతం దాకా తినేసే వెనక భాగం, ఇక్కడ 22 శాతానికి తగ్గింది. మెనూలో మాంసం, కోడి, రొయ్య, అంతే. దాంతో వృథా తక్కువ, సరుకు నిల్వ తక్కువ. వంట చేసేవాడే వడ్డించేవాడు కూడా కాబట్టి జీతాల ఖర్చు తక్కువ. ఎనిమిది మందిని ఒకేసారి కూర్చోబెట్టి, ఒకేసారి వండి, ఒకేసారి లేపుతారు. బల్ల నిండేదాకా జనాన్ని బార్‌లో కూర్చోబెడతారు. అక్కడ మందు అమ్ముడుపోతుంది.

అంటే చిన్న స్థలం, చిన్న మెనూ, చేతిలో పనితనం ఉన్న ఒక మనిషి చాలు. చెయ్యి తిరిగినవాడు, జేబులో డబ్బు తక్కువ ఉన్నవాడు పెట్టుకోవడానికి అనువైన వ్యాపారమే. అన్న ఆశ కూడా అదే. కాని ఆ పెనం మీద పడే మాంసానికి ఒక చరిత్ర ఉంది. అది జపాన్‌లో అంటరానితనం చరిత్ర.

ఆ మాంసం ముట్టిన చేతులు

క్రీ.శ. 675లో జపాన్ చక్రవర్తి తెమ్ము ఏడాదిలో కొన్ని నెలలపాటు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినకూడదని ఆజ్ఞ జారీచేశాడు. బౌద్ధం, షింటో మైల భావన, సేద్యానికి పశువుల అవసరం, అన్నీ కలిసి పశుమాంసం మీద ఏర్పడిన ఆ నిషేధపు నీడ వెయ్యేళ్లకు పైగా నిలిచింది. తినకూడదు సరే. మరి పశువు చావకుండా ఉంటుందా? సైన్యానికి తోలు వద్దా, గుడికి డప్పు వద్దా? ఆ పని చేయడానికి ఒక జనం ఉండేవారు. పాలకులు వాళ్లను "ఎతా" అన్నారు. ఆ రాతకు అర్థం "బోలెడంత మైల". ఊరికి దూరంగా, వేరే వాడల్లో, పుట్టుకతో వచ్చే వృత్తితో వాళ్లు బతికారు. ఇవాళ వాళ్ల వారసులను బురాకుమిన్ అంటారు. బురాకు అంటే వాడ. మన చదువరులకు ఇంతకంటే వివరించి చెప్పాల్సిన పని లేదు.

నిషేధం ఉన్న కాలంలోనూ పెద్దవాళ్లు మాంసం తిన్నారు. హికొనె అనే సంస్థానం నుంచి షోగున్‌కు మిసోలో ఊరబెట్టిన పశుమాంసం కానుకగా వెళ్లేది, "మందు" అనే పేరు మీద. తిన్నవాడికి అది మందు, కోసినవాడికి మాత్రం మైల.

1871 ఆగస్టులో మెయిజీ ప్రభుత్వం ఎతా అనే హోదాను రద్దు చేస్తూ విమోచన శాసనం తెచ్చింది. 1872 జనవరిలో చక్రవర్తి స్వయంగా పశుమాంసం తిన్నాడని లోకానికి తెలియజేశారు. ఐరోపా వాళ్లతో సమానం కావాలంటే వాళ్లలా తినాలి అన్నది అప్పటి వాదన. ఈ రెండూ నెలల తేడాలో జరిగాయి. మాంసానికి గౌరవం వచ్చింది, మనుషులకూ కాగితం మీద విముక్తి వచ్చింది. అయితే అదే ఏడాది ఆ జనానికి చచ్చిన పశువుల మీద, తోలు మీద ఉన్న వంశపారంపర్య హక్కు కూడా పోయింది. వృత్తి వల్ల అంటిన మైల పోలేదు కాని, వృత్తి వల్ల వచ్చే ఆదాయం మాత్రం పెట్టుబడి ఉన్న వాళ్లకు తలుపులు తెరిచింది. ఇది చదివినప్పుడు మాకు మన తోలు పరిశ్రమ గుర్తొచ్చింది. టానరీ యజమానుల పేర్లు ఒకసారి, అందులో సున్నం తొట్టెల దగ్గర పనిచేసే వాళ్ల పేర్లు ఒకసారి చదవండి.

చట్టం వచ్చినా వివక్ష పోకపోవడంతో 1922 మార్చి 3న క్యోటోలో బురాకు యువకులు సుయ్‌హైషా అనే సంఘాన్ని స్థాపించారు. ఆ పేరుకు అర్థం సమం చేసేవాళ్ల సంఘం. దాని వారసత్వంలో వచ్చిన బురాకు విముక్తి సంఘం చొరవతోనే 1988లో ఇమాదర్ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. ఐక్యరాజ్యసమితిలో "వృత్తి, వంశం ఆధారంగా వివక్ష" అనే మాటను నిలబెట్టడంలో దళిత సంఘాలతో కలిసి నడిచిన సంస్థ అది. 2001 డర్బన్ సదస్సు గురించి తెలిసినవాళ్లకు ఈ స్నేహం కొత్త కాదు. ఇన్నాళ్ల తరువాత కూడా టోక్యోలోని షిబౌరా మాంసం మార్కెట్ కార్మికులకు తిట్లు రాసిన ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆ మార్కెట్‌లోని సమాచార కేంద్రంలో వాటిని జనం చూసేలా పెట్టారు కూడా. ఆ కార్మికులు కోసే మాంసమే ఖరీదైన పెనాల మీదకు వెళ్తుంది.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోదాం. ఒసాకా ప్రాంతపు బురాకు వాడల్లో పేగులను కొవ్వులో వేయించి కరకరలాడేలా చేసుకునే అబురాకసు అనే వంటకం ఉంది. ఇవాళ దాన్ని నూడుల్స్‌లో వేసి హోటళ్లు అమ్ముతున్నాయి. ఇది చెప్పినప్పుడు అన్న చాలాసేపు నవ్వాడు. "బోటి లెక్కనే ఉంది గదా" అన్నాడు.

అండర్‌కట్ అనే ముక్క

ఇక హైదరాబాద్‌కు వద్దాం. స్టేక్‌కు కావాల్సింది పశువు నడుము లోపలి వైపు ఉండే మెత్తని కండ. హోటళ్లలో దాన్ని టెండర్‌లాయిన్ అంటారు, మాంసం దుకాణంలో అండర్‌కట్ అంటారు. ఏ పశువుది అనేదే అసలు ప్రశ్న.

జపాన్ వాగ్యూ మాంసం దిగుమతి చేసుకోవచ్చా? కుదరదు. ఏ రూపంలో ఉన్నా బీఫ్ దిగుమతిని మన దేశపు దిగుమతి విధానం నిషేధించింది. కాబట్టి నగరంలో ఏ మెనూ మీదనైనా ఆవు జాతి వాగ్యూ అని కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చిందని అడగాల్సిందే. ఇక్కడి పశువు సంగతి చూస్తే, 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టమే తెలంగాణలోనూ కొనసాగుతోంది. దాని ప్రకారం ఆవును, ఆడదైనా మగదైనా దూడను కోయకూడదు. ఎద్దును, ఆబోతును, పాడి గేదెను కోయాలంటే పనికి గాని పాడికి గాని ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందువల్ల హైదరాబాద్‌లో చట్టబద్ధంగా స్టేక్ అంటే ఆచరణలో గేదె మాంసమే.

గేదె మాంసం చిన్న వ్యాపారం కాదు. ప్రపంచంలో అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ఒకటి. నగరానికి దగ్గర్లోని రుద్రారంలో అల్ కబీర్ ఎగుమతి కబేళా మీద సాగిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేదవాడి బిర్యానీగా పేరున్న కల్యాణి బిర్యానీ కూడా ఈ మాంసంతోనే చేస్తారు. మా ఇళ్లల్లో దాని పేరు పెద్దకూర.

వంట పరంగా ఇబ్బంది ఒకటుంది. వాగ్యూ గొప్పతనం కండలో సన్నగా అల్లుకున్న కొవ్వు. మన గేదె ముసలిదయ్యాకే కబేళాకు వస్తుంది కాబట్టి కండ గట్టిగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. దాన్ని మందంగా కోసి పెనం మీద వేస్తే తోలులా సాగుతుంది. అన్న దానికి చేసేదేమిటంటే, అండర్‌కట్‌ను పైపొర తీసి, కొన్ని రోజులు చల్లని పెట్టెలో గాలి తగలకుండా ఉంచుతాడు. తరువాత నారకు అడ్డంగా చిన్న చదరాలుగా కోస్తాడు. పెనాన్ని బాగా కాగనిచ్చి, పైన వెన్న వేసి, రెండు నిమిషాల్లో తీసేస్తాడు. ఇది దుబాయ్‌లో నేర్చుకున్న పని కాదట. కత్తి ఏ దిక్కుకు తిప్పాలో వాళ్ల నాయన చిన్నప్పుడే చూపించాడట. రొయ్యల విషయంలో ఏ చింతా లేదు, ఆంధ్ర తీరం నుంచి రోజూ వస్తాయి.

మాంసం కొనేటప్పుడు అన్నకు మేం పదే పదే చెప్పింది ఒక్కటే: బిల్లు. లైసెన్సు ఉన్న కబేళా నుంచి, పశువైద్యుడి తనిఖీ ముద్రతో, ఏ పశువు మాంసమో రాసిన బిల్లుతో మాత్రమే కొనాలి. ప్రతి బిల్లునూ తేదీ వారీగా దాచాలి. ఎందుకంటే ఈ దేశంలో ఫ్రిజ్‌లో మాంసం ఉండటమే నేరమై కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. 2015 సెప్టెంబర్‌లో దాద్రీలో ఒక మనిషిని చంపేసి, తరువాత మాంసాన్ని ల్యాబ్‌కు పంపారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీలోని కేరళ హౌస్ క్యాంటీన్‌లో ఆవు మాంసం వడ్డిస్తున్నారని ఫిర్యాదు వస్తే పోలీసులు లోపలికి వెళ్లారు. అక్కడ వండింది గేదె మాంసం. ఒక రాష్ట్ర ప్రభుత్వ అతిథి గృహానికే ఆ గతి పడితే, రోడ్డు నంబర్ ఏదో ఒకదాంట్లో ఒక దళితుడు పెట్టుకున్న చిన్న హోటల్ మాటేమిటి? మాంసం ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా తేల్చే సంస్థ మన ఊళ్లోనే, చెంగిచెర్లలో ఉంది. దాన్ని జాతీయ మాంస పరిశోధన సంస్థ అంటారు. అయితే గుంపు వచ్చినప్పుడు ల్యాబ్ నివేదిక దాకా ఆగదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, ఆ మరుసటి నెలలో మన అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కొట్టినవాళ్లు ఏ నివేదికా అడగలేదు. చచ్చిన గొడ్డును తీసేయడం వాళ్ల పని అని నిర్ణయించింది మాత్రం ఊరే.

ఇక్కడే మాకు బాగా కోపం తెప్పించే తేడా ఒకటుంది. 2006లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సుకూన్ ఉత్సవంలో దళిత విద్యార్థులు బీఫ్ స్టాల్ పెడతామంటే, మిగతా తిండి స్టాళ్లకు లేని అభ్యంతరం వచ్చింది. పోరాడితే గాని అది దక్కలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ పండుగ జరిగితే దాడులు జరిగాయి. 2015 డిసెంబర్‌లో మళ్లీ తలపెడితే కోర్టు ఉత్తర్వులు, అరెస్టులు. ఆ రోజుల్లో ఉస్మానియా నుంచి బంజారా హిల్స్‌కు బస్సులో గంట ప్రయాణం. అక్కడ అదే మాంసం "టెండర్‌లాయిన్" అనే పేరుతో, ఆకుపచ్చ సాస్‌తో, తెల్లని పళ్లెంలో నిశ్శబ్దంగా వడ్డన అవుతూనే ఉంది. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. హాస్టల్‌లో వండితే ఉద్యమం, హోటల్‌లో వండితే అభిరుచి. అంబేడ్కర్ 1948లో అచ్చయిన "ది అన్‌టచబుల్స్"లో అంటరానితనం పుట్టుకను గోమాంస భక్షణతో ముడిపెట్టి వివరించాడు. ఆయన అడిగిన ప్రశ్న, ఎవరు తింటే తప్పు, ఎవరు మానేస్తే గొప్ప అనేది, మెనూ కార్డు చదివేటప్పుడు కూడా పనికొస్తుంది.

తొంభై లక్షల కాగితం

అన్న వేసుకున్న లెక్క ఇది. ఆయన అనుమతితోనే రాస్తున్నాం. మూడు పెనాలు, ఒక్కోదానికి ఎనిమిది కుర్చీలు, మొత్తం 24. సాయంత్రం రెండు విడతలు. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు 18 మంది, శుక్ర, శని, ఆదివారాల్లో 40 మంది వస్తారనుకుంటే వారానికి 192 మంది, నెలకు సుమారు 825. మనిషికి పన్ను కాకుండా 1,800 రూపాయల బిల్లు అనుకుంటే నెలకు 14 లక్షల 85 వేలు. అందులో సరుకుకు 35 శాతం, అంటే 5 లక్షల 20 వేలు. అద్దె 3 లక్షలు. పద్నాలుగు మంది పనివాళ్లకు 3 లక్షల పైచిలుకు. గ్యాస్, కరెంటు, మరమ్మతులు లక్షా ఇరవై వేలు. మిగిలేది 2 లక్షల 40 వేల లోపు. పెట్టుబడి 90 లక్షల్లో 75 లక్షలు 11 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు అయితే నెల కిస్తీ లక్షా 28 వేలు. చివరికి చేతికి లక్ష చిల్లర.

కాగితం మీద బాగానే ఉంది. కాని వచ్చే జనం 15 శాతం తగ్గితే చాలు, ఆ లక్ష పోయి నెలకు ముప్పై వేల పైన ఎదురు నష్టం. కొత్త హోటల్‌కు మొదటి ఆరు నెలలు అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. ఆ ఆరు నెలలు తట్టుకోవడానికి మామకు పొలమో, బాబాయికి కమర్షియల్ కాంప్లెక్సో ఉన్నవాళ్లు నిలబడతారు. ఈ గుట్టల మీద రెస్టారెంట్ల పెట్టుబడి ఎక్కువగా సినిమా, రియల్ ఎస్టేట్, కాంట్రాక్టుల నుంచి వస్తుంది. మూసేసినా అది వాళ్లకు ఒక సినిమా ఆడకపోవడం లాంటిదే. అన్నకు అది తొమ్మిదేళ్ల ఎడారి.

ఇంకో సంగతి. మిగతా హోటళ్లకు జనం తగ్గినప్పుడు స్విగ్గీ, జొమాటో ఆదుకుంటాయి. పెనం ముందు కూర్చుని చూస్తూ తినాల్సిన తిండిని డబ్బాలో పంపితే దాని విలువే ఉండదు. బెనిహానాను గట్టెక్కించిన బార్ కూడా ఇక్కడ సులభం కాదు. రెస్టారెంటులో మందు పోయాలంటే 2బీ లైసెన్సు కావాలి, దాని ఫీజు వేరే. తెలంగాణలో 2021 నుంచి ఏ4 మద్యం దుకాణాల కేటాయింపులో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ వచ్చింది, కాని అది చిల్లర దుకాణాల సంగతి. మిగతావి అందరికీ తెలిసినవే: ఆహార భద్రత లైసెన్సు, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతి, జీఎస్టీ రిజిస్ట్రేషన్. విడి రెస్టారెంటు అయితే బిల్లు మీద 5 శాతం జీఎస్టీ, కాని కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. అంటే పెనం, పొగ గొట్టం, ఏసీ మీద కట్టిన 18 శాతం పన్ను కూడా పెట్టుబడిలో కలిసిపోతుంది. ఈ ముక్క అన్నకు ఎవరూ చెప్పలేదు, మా లెక్కలో కూడా మొదట తప్పింది.

అప్పు సంగతికి వద్దాం. 2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా కొత్త వ్యాపారానికి అప్పు ఇవ్వాలంది. 2025 మార్చితో దాని గడువు ముగిసింది. ఆ చివరి నెలల్లోనే అన్న ఒక బ్యాంకు శాఖకు వెళ్లాడు. పథకం నిబంధనల్లో తాకట్టు గాని, ప్రభుత్వ గ్యారంటీ నిధి హామీ గాని ఉంటే చాలు. కాని రెండింటిలో ఏదనేది నిర్ణయించేది బ్యాంకే. మేనేజర్ తాకట్టే అడిగాడు. "హోటల్ అంటున్నారు, టిఫిన్ సెంటర్ అయితే పది లక్షలకు చూద్దాం" అన్నాడు. కులం పేరు ఎత్తలేదు. ఆయనకు స్టేక్ అంటే ఏమిటో తెలుసు, ఎదురుగా ఉన్న మనిషి ఎలాంటి హోటల్ పెట్టగలడో కూడా తనకు తెలుసనుకున్నాడు. లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, ఆశుతోష్ వార్ష్ణేయ 2013లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ప్రకారం, 2005 ఆర్థిక గణనలో దేశ జనాభాలో 16.4 శాతం ఉన్న ఎస్సీల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతమే. ఆ సంఖ్య వెనక ఇలాంటి ఎన్ని సంభాషణలు ఉన్నాయో అనిపించింది మాకు. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీ, మహిళా కొత్త పారిశ్రామికవేత్తలకు రెండు కోట్ల దాకా అప్పు ఇచ్చే పథకం ప్రకటించారు. అన్న ఇప్పుడు దాని మార్గదర్శకాలు పట్టుకుని తిరుగుతున్నాడు.

పెనం ముందు, పెనం వెనక

బంజారా హిల్స్ అనే పేరు ఒకప్పుడు ఆ గుట్టల మీద బతికిన లంబాడీల నుంచి వచ్చింది. నిజాం కాలపు అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ కట్టుకున్న ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టాడు. పేరు మిగిలింది, తండా పోయింది. ఇవాళ ఆ రోడ్ల మీద హోటళ్లలో గిన్నెలు కడిగే, బాత్రూములు తుడిచే, వాలే పార్కింగ్‌లో పరుగెత్తే పిల్లలు నందినగర్, సింగాడికుంట, ఫిల్మ్ నగర్ బస్తీల నుంచి వస్తారు. ఏషియన్ వంట చేసే చోట పెనం ముందు ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల, నేపాల్, డార్జిలింగ్ కుర్రాళ్లు ఉంటారు. వాళ్ల వంట కంటే వాళ్ల ముఖాన్ని యజమాని ముందు చూస్తాడు, "జపనీస్‌లా" కనిపించాలని. అన్నను కూడా నగరంలో ఒక చోట ఇంటర్వ్యూలో అలాగే చూశారు. తొమ్మిదేళ్ల అనుభవం విని, వెనక వంటగదిలో సర్దుతాం అన్నారు.

ఇది చిన్న విషయం కాదు. తెప్పన్‌యాకిలో వంట చేసే చెయ్యి దాగదు. తినేవాడు ఆ చేతికి మూడు అడుగుల దూరంలో కూర్చుంటాడు. మన దేశంలో 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని ఒక బడిలో దళిత మహిళ వండిందని పిల్లలు మధ్యాహ్న భోజనం మానేశారు. 2024 మార్చిలో జొమాటో శాకాహారులకు వేరే యూనిఫాం వేసుకున్న వేరే డెలివరీ బృందం అని ప్రకటించి, విమర్శలు రాగానే వేరే రంగు ఆలోచన మానుకుంది. ఇలాంటి చోట ఒక మాదిగ మనిషి పేరు బోర్డు మీద పెట్టుకుని, అందరి ముందు పశుమాంసం కోసి, తన చేత్తో పళ్లెంలో పెట్టి, దానికి 1,800 రూపాయలు తీసుకోవడం మామూలు సంగతి కాదు. అన్నకు ఈ మాటలు నచ్చవు. "నేను ఉద్యమం పెడ్తలేను తమ్మీ, హోటల్ పెడ్తున్నా" అంటాడు. అది నిజమే. ఆయన్ని ప్రతీకగా చేసే హక్కు మాకు లేదు.

అయినా పనివాళ్ల విషయంలో ఆయన రాసుకున్న నియమాలు చూస్తే ఆయనకు ఏం తెలుసో అర్థమవుతుంది. గిన్నెలు కడిగేవాళ్లకు రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, వేడినీళ్లు. సర్వీస్ చార్జి తీసుకోడు, టిప్పులు మాత్రం అందరికీ సమానంగా, కడిగేవాళ్లతో సహా. పనివాళ్ల భోజనం వేరే కుండలో వండరు. ఏడాది దాటిన ఎవరికైనా, ఏ పనిలో ఉన్నా, పెనం మీద శిక్షణ. ఈ చివరి దానికి మేం అడ్డు చెప్పాం, ఖర్చు పెరుగుతుందని. ఆయన వినలేదు. దుబాయ్‌లో తనకు పెనం ఇచ్చేదాకా మూడేళ్లు గిన్నెలే కడిగాడట, అదీ తన కింద చేరిన వాళ్లు పైకి వెళ్తుంటే.

ఈ మధ్య ఒక భాగస్వామి దొరికాడు. ఆధిపత్య కులం, మంచి మనిషి, దుబాయ్ స్నేహం. ముప్పై లక్షలు పెడతానన్నాడు. ఎస్సీ పథకాల కింద అప్పు రావాలంటే 51 శాతం వాటా, నిర్వహణ అన్న చేతిలోనే ఉండాలని ఒప్పందంలో రాయించమని మేం గట్టిగా చెప్పాం. అంతవరకు ఒప్పుకున్నాడు. గొడవ మెనూ దగ్గర వచ్చింది. భాగస్వామి "టెండర్‌లాయిన్ తెప్పన్‌యాకి" అని రాద్దామంటాడు, నగరమంతా అలాగే రాస్తుంది, పోలీసులూ గుంపులూ ఉండవు అంటాడు. అన్న "గేదె అండర్‌కట్" అని తెలుగులో, ఇంగ్లీషులో రాయాలంటాడు. చట్టం ప్రకారం కూడా అదే సరైనది, బిల్లుతో సరిపోతుంది, దాచడానికి ఏమీ ఉండదు అని ఆయన వాదన. మేం రెండు వైపులా ఆలోచించాం. భయం భాగస్వామిది ఒక్కడిదే కాదు, మాకూ ఉంది. మొదటి రాయి పడేది అన్న పేరున్న బోర్డు మీదే.

ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి అంతకంటే తొందరగా తేలాల్సింది వేరే ఉంది. చూసి పెట్టుకున్న మొదటి అంతస్తు గదికి పొగ గొట్టం డాబా మీదకు వెళ్లాలి. పై అంతస్తు యజమాని ఏం వండుతారని అడిగాడు. అన్న చెప్పాడు. వారంలో చెబుతానన్నాడు ఆయన. ఇది మూడో వారం.